మూసే ముందు ఒక్క చూపు!

బండి కబుర్లు

రెండు చేతుల్లో రెండు సంచులు. ఒకదాంట్లో కూరగాయలు, ఇంకోదాంట్లో నెలసరి సరుకులు. వేలితో తడిమి రిమోట్ నొక్కగానే కారు డిక్కీ 'నేనున్నా' అన్నట్టు తనంతట తనే పైకి లేస్తుంది. సంచులు లోపల పెడతారు. మళ్లీ అదే బటన్ నొక్కుతారు. డిక్కీ ఉలకదు, పలకదు. ఇంకోసారి నొక్కుతారు. ఊహూ! చివరికి చెయ్యెత్తి, పైకి లేచిన మూత అంచున ఉన్న చిన్న బటన్ నొక్కితే గానీ కిందికి దిగదు.

ఇదేం లెక్క? తెరవడం తెలిసిన రిమోట్‌కి మూయడం తెలీదా?

పవర్ డిక్కీ ఉన్న చాలా కార్ల యజమానులకు వచ్చే సందేహమే ఇది. అమెరికాలో ఈ చిరాకు భరించలేక సొంతంగా స్పానరూ, సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని వైరింగ్ మార్చేసుకున్నవాళ్లు బోలెడుమంది. ఒకప్పుడు ఇలాంటి డిక్కీలు ఖరీదైన విదేశీ కార్లకే ఉండేవి. ఇప్పుడు ఫార్చ్యూనర్, హెక్టర్, హ్యారియర్, సఫారీ లాంటి బండ్లలో పైశ్రేణి మోడళ్లకూ వచ్చాయి. మామూలు డిక్కీకి మోటారు బిగించే కిట్లూ యాక్సెసరీ షాపుల్లో దొరుకుతున్నాయి. అంటే, 'రిమోట్‌తో మూసుకునేలా చేసిపెట్టు' అనే కోరిక మన ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గరికీ వస్తుందన్నమాట.

చేయించుకోవచ్చా? చేయించుకోవచ్చు. కానీ ఆ పని చేయించేముందు, కంపెనీవాళ్లు ఆ చిన్న బటన్‌ని మూత అంచునే ఎందుకు పెట్టారో తెలుసుకోవాలి. ఈ వారం కబుర్లన్నీ దాని చుట్టూనే.

సరదా కాదు, అవసరమే

ముందు ఒక మాట. రిమోట్‌తో డిక్కీ మూయాలనుకోవడం సోకు కోసమే అనుకుంటే పొరపాటు. అయిదడుగుల ఎత్తున్న ఇల్లాలికి, నిలువుగా లేచిన పెద్ద బండి డిక్కీ అంచు అందదు. మునివేళ్ల మీద నిలబడి ఎగిరి అందుకోవాలి. భుజం పట్టేసిన పెద్దాయనకి చెయ్యి పైకెత్తడమే గండం. చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకైతే ఆ బటన్ ఉన్నా లేనట్టే. జోరున వాన కురుస్తుంటే గొడుగు పట్టుకున్న చేతితో ఈ విన్యాసాలన్నీ ఎవరికైనా కష్టమే.

'మావయ్యా, మీరు కారు దగ్గరే నిలబడండి, నేనొచ్చి డిక్కీ వేస్తా' అని ప్రతిసారీ అల్లుడో మేనల్లుడో పరుగెత్తుకు రావాలంటే ఆ పెద్దాయనకీ చిన్నతనంగానే ఉంటుంది కదా!

అలాంటివాళ్లు వైరు కత్తిరించేముందు చేయాల్సిన పని ఒకటుంది. కారుతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని బీరువాలోంచి బయటికి తీయడం! పవర్ డిక్కీ ఉన్న చాలా బండ్లలో మూత ఎంత ఎత్తు వరకూ లేవాలో మనమే నిర్ణయించుకోవచ్చు. కావలసిన ఎత్తులో ఆపి, మూసే బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కిపడితే బండి ఆ ఎత్తుని గుర్తుపెట్టుకుంటుంది. ఇక అంతకు మించి లేవదు. మునివేళ్ల మీద నిలబడే బాధ అక్కడితో తప్పినట్టే. ఇక కొన్ని కార్లలో రిమోట్ బటన్‌ని మామూలుగా నొక్కితే కాదు, వదలకుండా పట్టుకుంటే మూత మూసుకుంటుంది. ఇంకొన్నింటిలో బంపర్ కింద కాలు ఊపితే చాలు. ఉన్న సౌకర్యం తెలియక డబ్బు పెట్టి వైరింగ్ మార్పించుకున్నవాళ్ల జాబితాలో మనం చేరకూడదు.

పుస్తకం తిరగేశారు, మీ బండిలో అవేవీ లేవని తేలింది. అప్పుడేంటి?

బటన్ నొక్కితే ఏం జరుగుతుంది?

కారుకి రిమోట్ తాళం 1980ల తొలినాళ్లలో వచ్చింది. ఫ్రాన్స్‌కి చెందిన రెనో కంపెనీ తన 'ఫ్యూగో' కారుతో దాన్ని జనానికి పరిచయం చేసింది. కనిపెట్టినాయన పేరు పాల్ లిప్‌షుట్జ్. ఆయన పేరులోని అక్షరాలతోనే ఫ్రెంచివాళ్లు దాన్ని ఇప్పటికీ 'ప్లిప్' అంటారు. అప్పట్లో టీవీ రిమోట్‌లాగా అదీ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో పనిచేసేది.

ఇప్పటివి రేడియో రిమోట్లు. మీరు బటన్ నొక్కగానే రిమోట్ ఒక రహస్య సంఖ్యను గాలిలోకి వదులుతుంది. ప్రతిసారీ ఆ సంఖ్య మారిపోతుంది. నిన్నటి సంఖ్యని ఎవరైనా దొంగచాటుగా పట్టుకున్నా ఇవాళ దానితో తాళం తీయలేరు. ఆ సంఖ్యను కారులో ఉన్న చిన్న కంప్యూటర్ అందుకుంటుంది. అది మనవాళ్లదేనని నిర్ధారించుకున్నాక డిక్కీ తాళానికి 'వదులు' అని చెబుతుంది. మోటారు మూతని పైకి లేపుతుంది.

మూయడం సంగతి వేరు. మూత అంచున ఉన్న బటన్ నుంచి సాధారణంగా ఒక సన్నటి వైరు డిక్కీ మోటారుని నడిపించే పెట్టె దగ్గరికి వెళుతుంది. బటన్ నొక్కితే ఆ వైరు ఎర్త్‌ని తాకుతుంది. అంతే, 'ఎవరో మూయమంటున్నారు' అని పెట్టెకి అర్థమవుతుంది. ఈ వైరులో ప్రవహించే కరెంటు చాలా స్వల్పం. అసలు బరువంతా మోసే కరెంటు వేరే లావుపాటి వైర్లలో మోటారుకి వెళుతుంది.

వైరింగ్ మార్చేవాళ్లు చేసే కిటుకు ఈ రెండింటి మధ్యే ఉంది. రిమోట్ నొక్కినప్పుడు తాళానికి వెళ్లే 'వదులు' సంకేతాన్ని ఒక చిన్న వైరుతో పట్టుకుంటారు. మూత అప్పటికే తెరిచి ఉందా లేదా అన్నది డిక్కీ లైటు వెలిగే స్విచ్ చెబుతుంది. మూత మూసి ఉంటే ఆ సంకేతం తన దారిన తాను పోతుంది, డిక్కీ తెరుచుకుంటుంది. మూత తెరిచే ఉంటే ఆ సంకేతం ఒక రిలేని తడుతుంది. రిలే అరసెకనుపాటు మూసే బటన్ వైరుని ఎర్త్‌కి కలుపుతుంది. ఎవరో వచ్చి బటన్ నొక్కారని బండి భ్రమపడుతుంది. మూత కిందికి దిగుతుంది.

రిలే అంటే కంగారు పడక్కర్లేదు. చిన్న కరెంటుతో పనిచేస్తూ ఇంకో వైరుని కలపడం, విడదీయడం దాని పని. పాత కార్లలో ఇండికేటర్ వేయగానే 'టిక్కు టిక్కు'మనే శబ్దం వినిపించేదే, అది దీని కుటుంబంలోనిదే. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, దానికి నాలుగైదు కాళ్లు, ఆ కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలు.

అన్ని బండ్లలోనూ ఇంత సులువుగా ఉండదు. 1986లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 'క్యాన్' అనే పద్ధతిని ప్రపంచానికి చూపించింది. దాంతో కార్లలో వైర్ల సంగతి మారిపోయింది. ఒక్కో పనికి ఒక్కో వైరు లాగడం మాని, మెలిపెట్టిన రెండు వైర్ల మీదే కారులోని పెట్టెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. మీ బండిలో రిమోట్ సంకేతం ఆ జంట వైర్ల మీద ప్రయాణిస్తుంటే విడిగా పట్టుకోవడానికి వైరంటూ దొరకదు. ఆ భాష చదవగలిగే ప్రత్యేకమైన పెట్టె కావాలి. లేదా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే మార్పు చేయించాలి. 'ఏదో ఒక వైరు పట్టుకుని చూద్దాం సార్' అని ఎవరైనా అంటే మాత్రం కారుని వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చేయడం మంచిది.

బటన్ అక్కడే ఎందుకు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తెరిచే బటన్‌ని రిమోట్‌లో పెట్టిన ఇంజినీరుకి, మూసే బటన్ కూడా అక్కడే పెట్టడం పెద్ద పనేం కాదు. మరి మూత అంచునే ఎందుకు పెట్టాడు?

అది నొక్కాలంటే మీరు డిక్కీ ముందు నిలబడాలి. నిలబడితే లోపల ఏముందో కనిపిస్తుంది. పక్కన ఎవరున్నారో కనిపిస్తుంది. తలుపు దారిలో బుజ్జిగాడి చెయ్యి ఉందో లేదో కనిపిస్తుంది. అంటే ఆ బటన్ ఉన్న చోటే ఒక రక్షణ ఏర్పాటు. ఏ సెన్సరూ చేయలేని పనిని అక్కడ మీ కళ్లు చేస్తున్నాయి.

నమ్మకం కుదరకపోతే ఇంకో సంగతి గమనించండి. చాలా కార్లలో డ్రైవరు సీటు దగ్గర కూడా డిక్కీ బటన్ ఉంటుంది. తెరవడానికి దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు. మూయడానికి మాత్రం మూత పూర్తిగా దిగేవరకూ పట్టుకునే ఉండాలి. వేలు తీస్తే మూత ఆగిపోతుంది. అదే మూత అంచున ఉన్న బటన్‌ని ఒక్కసారి తాకితే చాలు. ఎందుకీ తేడా? అంచు దగ్గర నిలబడ్డ మనిషి చూస్తున్నాడని బండికి నమ్మకం. ముందు సీట్లో కూర్చున్న మనిషి మీద ఆ నమ్మకం లేదు.

మనం చేసే వైరింగ్ మార్పులో మోటారు అదే, బలం అదే, సెన్సర్లు అవే. మారేది ఒక్కటే. చూసే మనిషి అక్కడ లేకుండా పోతాడు. ఆ నమ్మకాన్ని మనం మోసం చేస్తున్నామన్నమాట!

'అడ్డం వస్తే ఆగిపోతుందిగా!'

ఎవరైనా వెంటనే అనే మాటిది. నిజమే, ఆగుతుంది. మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్ ఉంటుంది. మూత మామూలుకన్నా నెమ్మదించినా, మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగినా 'ఏదో అడ్డం వచ్చింది' అని గ్రహించి వెనక్కి తిప్పుతుంది. కొన్ని బండ్లలో మూత రెండు పక్కలా నొక్కితే స్పందించే రబ్బరు పట్టీలు కూడా ఉంటాయి.

కానీ వీటికీ హద్దులున్నాయి. అడ్డం వచ్చిందని తెలియాలంటే ముందు అది తగలాలి. అంటే కొంత ఒత్తిడి పడ్డాకే వెనక్కి వెళుతుంది. ఇక చివరి సెంటీమీటరు దగ్గర కథ మారుతుంది. చాలా బండ్లలో మూత తాళం దాకా వచ్చాక ఇంకో చిన్న మోటారు దాన్ని బలంగా లోపలికి లాగి బిగిస్తుంది. గాలి, నీరు చొరబడకుండా రబ్బరుని నొక్కిపట్టాలి కాబట్టి ఆ లాగుడు గట్టిగానే ఉంటుంది. సన్నటి చిన్నారి వేలు ఇరుక్కునేది సరిగ్గా అక్కడే.

కారు కిటికీ అద్దాల విషయంలో ఈ ప్రమాదాన్ని అమెరికా ప్రభుత్వం ఎప్పుడో గుర్తించింది. అక్కడి భద్రతా నిబంధనల్లో 118వ నంబరుది కిటికీ అద్దాలు, పైకప్పు పలకల గురించి. అడ్డం తగలగానే వెనక్కి వెళ్లే ఏర్పాటు లేని అద్దాన్ని రిమోట్‌తో మూయాలంటే బటన్ వదలకుండా పట్టుకునే ఉండాలి. పైగా ఆ రిమోట్ 6 మీటర్లకు మించి పనిచేయకూడదు. మనిషికీ బండికీ మధ్య గోడలాంటి అడ్డు ఉంటే పనిచేయని రకం రిమోట్‌కైతే 11 మీటర్ల దాకా అనుమతి. దీని వెనకున్న ఆలోచన తేలిగ్గానే అర్థమవుతోంది కదా... దగ్గర ఉండు, చూస్తూ ఉండు, వేలు తీస్తే ఆగిపోవాలి. ఆ నిబంధన డిక్కీల గురించి కాదు. అయినా ఇంట్లో వైరింగ్ మార్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి కొలబద్ద ఇంకోటి లేదు.

పదకొండు మంది పిల్లలు

వేలు నలిగితే కట్టు కట్టించుకోవచ్చు. అంతకు మించిన ప్రమాదం ఇంకోటి ఉంది. పిల్లలకు దాక్కునే ఆటంటే ప్రాణం. తెరిచి ఉన్న డిక్కీ వాళ్ల కంటికి చిన్న గుహలా కనిపిస్తుంది.

1998 వేసవిలో అమెరికాలో కొద్దివారాల వ్యవధిలో మూడు వేర్వేరు సంఘటనల్లో 11 మంది పిల్లలు కారు డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. యూటా రాష్ట్రంలోని వెస్ట్ వ్యాలీ సిటీలో ఒక్క కారులోనే అయిదుగురు చిన్నారి ఆడపిల్లలు. వాళ్లని ఎవరూ బంధించలేదు. ఆడుకుంటూ ఎక్కారు, మూత పడింది, లోపలి నుంచి తెరిచే దారి లేదు. అంతే.

అంతకు మూడేళ్లముందు, 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెనెల్ అనే ఆవిడని, ఆమె భర్తని దుండగులు వాళ్ల సొంత కారు డిక్కీలోనే వేసి మూసేశారు. చీకట్లో తడుముకుంటూ తాళానికి వెళ్లే తీగను దొరకబుచ్చుకుని లాగి వాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. ప్రతి డిక్కీకీ లోపలినుంచి తెరుచుకునే ఏర్పాటు ఉండాలని ఆవిడ అప్పటినుంచీ పోరాడారు. 1998 సంఘటనలతో ప్రభుత్వమూ కదిలింది. నిబంధన తయారైంది. 2001 సెప్టెంబరు 1 నుంచి అమెరికా మార్కెట్టు కోసం తయారయ్యే, విడిగా డిక్కీ ఉన్న ప్రతి కారుకీ లోపల తెరిచే పిడి తప్పనిసరి అయింది. చీకట్లో మెరిసే ఆ చిన్న పిడి మీద మనిషి బయటికి దూకుతున్న బొమ్మ ఉంటుంది. చదవడం రాని పిల్లాడికీ అర్థం కావాలని!

మన దగ్గర జరిగినవి డిక్కీ ప్రమాదాలు కాకపోయినా ఆ కోవలోవే. 2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆగి ఉన్న కారులో చిక్కుకుని ఊపిరి వదిలారు. ఎక్కింది ఎవరూ చూడలేదు. తలుపులు పడ్డాయన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆగి ఉన్న కారులో వేడి ఎంత వేగంగా పెరుగుతుందో 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వైద్యులు కొలిచి చూశారు. బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న చల్లటి రోజున కూడా ఎండలో నిలిపిన కారులో గంట తిరిగేసరికి 47 డిగ్రీలదాకా చేరింది. పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే వచ్చేసింది. మరి మన ఏప్రిల్, మే నెలల్లో బయటే 42 డిగ్రీలుంటే? పైగా పెద్దవాళ్లకన్నా పిల్లల ఒళ్లు మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుందని వైద్యులు చెబుతారు.

ఇప్పుడు ఊహించండి. డిక్కీ తెరిచి సామాన్లు ఇంట్లోకి మోస్తున్నారు. నాలుగో సంచీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాక, 'అయ్యో, డిక్కీ వేయలేదు' అని గుర్తొచ్చింది. అక్కడి నుంచే రిమోట్ నొక్కారు. మూత దిగింది. మీరు మోసిన మూడో సంచీకీ నాలుగో సంచీకీ మధ్య ఎవరైనా అందులోకి ఎక్కారా? వంటింటి కిటికీ లోంచి కనిపించదు.

తెరవడం ఎక్కడినుంచైనా ఫర్వాలేదు. మహా అయితే వాన పడి సామాను తడుస్తుంది. మూయడం మాత్రం కంటి ఎదుటే జరగాలి.

చేయించుకుంటే ఇలా...

అవసరం ఉంది, చేయించుకోవాలనే నిర్ణయించుకున్నారు. విజయవాడ ఆటోనగరో, సికింద్రాబాద్ రాణిగంజో, మీ ఊళ్లో తెలిసిన ఎలక్ట్రీషియనో... ఎవరైనా సరే, పని మొదలుపెట్టేముందు ఈ విషయాలు అడిగి తేల్చుకోండి.

మోటారుకి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. మూసే బటన్ వైరుని మాత్రమే తాకాలి. అప్పుడు మూతని నడిపించేది కంపెనీ పెట్టే. అడ్డం వస్తే ఆగడం, బండి కదులుతుంటే స్పందించకపోవడం లాంటి దాని జాగ్రత్తలన్నీ అలాగే ఉంటాయి. 'ఇదంతా ఎందుకన్నా, డైరెక్ట్ ఇచ్చేద్దాం' అంటే ఆ జాగ్రత్తలన్నిటినీ పీకి పారేసినట్టే.

ఒక్క నొక్కుడుతో మూసుకోకూడదు. బటన్‌ని రెండు మూడు సెకన్లు పట్టుకుంటేనే మూత కదిలేలా, వేలు తీస్తే ఆగేలా ఉండాలి. మామూలు రిలేతో ఇది కుదరదు, చిన్న టైమర్ సర్క్యూట్ కావాలి. జేబులో తాళాల గుత్తి ఒత్తుకుని బటన్ దానంతటదే నొక్కుకోవడం మనందరికీ అనుభవమే కదా. మీ రిమోట్ ఎంతసేపు నొక్కినా సంకేతం ఒక్కసారే వదిలే రకమైతే ఈ పనికి అది పనికిరాదు.

మూత దిగేముందు బజర్ మోగాలి. కంపెనీ బజర్ ఉంటే సరే. లేకపోతే ఒకటి పెట్టించండి. మూత కదలడానికి రెండు సెకన్ల ముందే మోగితే పక్కనున్నవాళ్లు చెయ్యి తీసుకోగలుగుతారు.

గేట్లకు బిగించే చౌకబారు రిమోట్ వద్దు. వాటిలో చాలావాటికి సంఖ్య మారదు, ఎప్పుడూ ఒకటే. అలాంటిదాన్ని కారుకి తగిలించడమంటే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్టే.

వైర్ల అతుకులు గట్టిగా ఉండాలి. సన్నటి వైరు మీద క్లిప్పు నొక్కేసి వెళ్లిపోవడం కాదు. సోల్డరింగ్ చేసి, వేడికి బిగుసుకునే స్లీవ్ తొడగాలి. కొత్తగా తీసుకున్న కరెంటుకి విడిగా చిన్న ఫ్యూజు ఉండాలి. డిక్కీ మూత మడతబందు దగ్గర వైర్లు రోజూ వంగుతూ ఉంటాయి. కొత్త వైరుని కంపెనీ రబ్బరు గొట్టంలోంచే తీసుకెళ్లాలి, లేకపోతే కొన్నాళ్లకు లోపలే తెగిపోతుంది. తెగినది ఎర్త్‌ని తాకితే? ఎవరూ నొక్కకుండానే మూత మూసుకుంటుంది!

పసుపురంగు కప్లర్ల జోలికి వెళ్లొద్దు. కార్లలో అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ గుర్తు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ కనెక్షన్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. ఎక్కడ ఏ వైరో తెలుసుకోవడానికి పాతకాలపు బల్బు టెస్టర్ వాడనివ్వకండి. అది లాగే కరెంటుకే ఇప్పటి సున్నితమైన పెట్టెలు చెడిపోవచ్చు. మల్టీమీటర్ ఉండాలి. బ్యాటరీ మళ్లీ తగిలించాక కొన్ని బండ్లలో డిక్కీని ఒకసారి చేత్తో పూర్తిగా మూస్తే గానీ మోటారు తన కొలతలు తిరిగి నేర్చుకోదు. పాడైందని కంగారు పడకండి.

కాగితాలూ ముఖ్యమే. వైరు కత్తిరించాక ఆ భాగానికి సంబంధించిన వారంటీ అడిగితే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. కంపెనీ బిగించని ఎలక్ట్రికల్ సామగ్రికి బీమా వర్తించాలంటే పాలసీలో దాన్ని విడిగా చూపించి అదనపు ప్రీమియం కట్టాలి. చేసిన మార్పుని రాతపూర్వకంగా చెప్పేయడమే మేలు. రేపు షార్ట్ సర్క్యూట్ అయితే ముందు చూసేది మన అతుకులనే.

ములక్కాడ పరీక్ష

పని పూర్తయిందా? డబ్బులిచ్చేముందు పరీక్ష పెట్టండి. ఇవాళ్టి పేపరు చదవడం అయిపోయాక గట్టిగా చుట్టి, దిగుతున్న మూత కింద పెట్టండి. మధ్యలో ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి. మూడుసార్లూ మూత ఆగి వెనక్కి వెళ్లాలి. తర్వాత వంటింట్లోంచి ఒక ములక్కాడ తెచ్చి, తాళం పడే చోట అంచున ఉంచండి. మీ చెయ్యి మాత్రం దూరంగా పెట్టుకోండి. లావు ఇంచుమించు పసివాడి వేలంతే. అది నలిగిపోయిందంటే మీ బండి చివరి సెంటీమీటరులో ఎవరినీ వదలదని అర్థం. వైరింగ్ మార్చినా మార్చకపోయినా ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కంపెనీ నుంచి వచ్చిన బండి కూడా ఈ పరీక్షలో ఓడిపోవచ్చు.

ఇక అందరికీ, అంటే పవర్ డిక్కీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ, ఒక చిన్న పని. ఇవాళ ఆదివారమే కాబట్టి సాయంత్రం ఎండ తగ్గాక పిల్లల్ని కారు దగ్గరికి తీసుకెళ్లండి. డిక్కీ లోపల మెరిసే పిడి ఉందేమో వెతకండి. కొన్ని కార్లలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉంటే మూత తెరిచి ఉంచి దాన్నెలా లాగాలో చూపించండి. లేకపోతే వెనక సీటు మడిచి ముందుకు రాగలరేమో చూడండి. కారులో చిక్కుకుంటే హారన్ ఎక్కడ నొక్కాలో, ఎంతసేపు నొక్కాలో చెప్పండి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారన్ మోగుతుంది, మీదీ అలాగే మోగుతుందేమో చూసుకోండి. ఆగి ఉన్న కారు ఆటస్థలం కాదని చెప్పి, తాళంచెవులు వాళ్లకి అందని చోట పెట్టండి. పిల్లలు కనిపించకపోతే బావి దగ్గర, నీళ్ల సంపు దగ్గర వెతికినట్టే ముందు కారులోనూ, డిక్కీలోనూ చూడాలని పెద్దవాళ్లూ గుర్తుపెట్టుకోండి.

పది నిమిషాల పని. రిలే అక్కర్లేదు, సోల్డరింగ్ అక్కర్లేదు, ఖర్చూ లేదు.